ఏడు షాంపూ సీసాలు, పలచబడిన ఒక పాపిట

ఆమె వయసు 34. కుర్చీలో కూర్చోకముందే చేతిలోని సంచి నా టేబుల్ మీద పెట్టి, అందులోంచి ఒక్కొక్కటిగా ఏడు షాంపూ సీసాలు బయటికి తీశారు. కొన్ని సగం వాడినవి, రెండు మూడు దాదాపు నిండుగానే ఉన్నాయి. చివర్లో ఒక చిన్న కవరు తీశారు. ముందురోజు తలస్నానంలో ఊడిన జుట్టంతా అందులో ఉంది. "లెక్కపెట్టాను డాక్టర్ గారూ, 240 పైనే ఉన్నాయి. వీటిలో ఏ షాంపూ వాడమంటారు? ఇవేవీ వద్దంటే ఇంకేది కొనాలో చెప్పండి" అన్నారు.

జుట్టు పలచబడుతోందని వచ్చేవాళ్లలో చాలామంది మొదట అడిగేది ఇదే. ఈ ప్రశ్నను నేను తేలిగ్గా తీసుకోను. "షాంపూతో ఏమీ కాదండీ" అని ఒక్క ముక్కలో తేల్చేస్తే వాళ్లు బయటికెళ్లి ఎనిమిదో సీసా కొంటారు. షాంపూ వల్ల అయ్యే పనులు కొన్ని ఉన్నాయి, ఎంత మంచిదైనా కానివి కొన్ని ఉన్నాయి. ఆ తేడా ఈ కేసులో బాగా కనిపించింది. అందుకే ఆమె అనుమతి తీసుకుని, ఆమెను గుర్తుపట్టే వివరాలు లేకుండా రాస్తున్నాను.

ఆమె చెప్పింది, నేను అడిగి తెలుసుకున్నది

రెండున్నర నెలలుగా జుట్టు విపరీతంగా రాలుతోందన్నారు. దిండు మీద, దువ్వెనలో, బాత్రూమ్ జాలీలో ఎక్కడ చూసినా జుట్టే. వెంట్రుక చివర తెల్లటి చిన్న ఉండలాంటిది కనిపిస్తుంటే కుదుళ్లతో సహా ఊడిపోతోందని భయపడ్డారు. తల తడిపితే ఇంకా రాలుతుందని తలస్నానం తగ్గించేశారు. ముందు వారానికి మూడుసార్లు చేసేవారు, ఇప్పుడు పది రోజులకోసారి.

"ఇది మొదలవడానికి రెండు మూడు నెలల ముందు ఏం జరిగింది?" అని అడిగాను. ఒక్కసారిగా రాలడం మొదలైందని ఎవరు చెప్పినా నేను ముందు అడిగేది ఇదే. కాసేపు ఆలోచించి, అయిదు రోజుల పాటు 103 డిగ్రీల జ్వరం వచ్చిందని చెప్పారు. జ్వరానికీ జుట్టుకీ సంబంధం ఉంటుందని ఆమెకు తట్టనే లేదు. తట్టకపోవడం సహజమే, మధ్యలో అన్ని వారాల ఎడం ఉంది కదా.

ఆ ఎడం ఎందుకొస్తుందో ఆమెకు కాగితం మీద గీసి చూపించాను. తలలో సుమారు లక్ష వెంట్రుకలుంటాయి. ఒక్కో వెంట్రుక రెండు నుంచి ఆరేళ్లు పెరుగుతుంది, తర్వాత రెండు మూడు వారాల్లో పెరుగుదల ఆగిపోతుంది, ఆపైన సుమారు మూడు నెలలు విశ్రాంతి దశలో ఉండి ఊడిపోతుంది. ఏ రోజు చూసినా పదో వంతు, అంటే పది వేల దాకా వెంట్రుకలు ఈ విశ్రాంతి దశలో ఉంటాయి. అవి వంద రోజుల్లో ఊడాలంటే రోజుకు వంద. రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం మామూలే అని మేం చెప్పేది ఈ లెక్కను బట్టే. పెద్ద జ్వరం, ప్రసవం, ఆపరేషన్, ఉన్నట్టుండి బరువు బాగా తగ్గడం లాంటివి జరిగినప్పుడు ఇంకా పెరగాల్సిన వెంట్రుకలు కూడా చాలా వరకు ఒకేసారి విశ్రాంతి దశలోకి వెళ్లిపోతాయి. ఆ రోజు బయటికేమీ కనిపించదు. రెండు మూడు నెలల తర్వాత అన్నీ కలిసి రాలతాయి. దీన్ని టెలోజెన్ ఎఫ్లూవియం అంటారు. 1961లో ఆల్బర్ట్ క్లిగ్మన్ అనే చర్మవైద్యుడు ఈ పేరు పెట్టారు. వెంట్రుక చివర కనిపించే ఆ తెల్ల ఉండ కుదురు కాదు. కుదురు మాడు లోపలే ఉంటుంది, అక్కడే కొత్త వెంట్రుక మొదలవుతుంది. ఈ మాట చెప్పినప్పుడు ఆమె ముఖంలో వచ్చిన మార్పు నాకింకా గుర్తుంది. రెండున్నర నెలలుగా ఆమె మోసిన టెన్షన్‌లో సగం ఆ తెల్ల ఉండ వల్లే.

కానీ కథ అక్కడితో అయిపోలేదు. ఫోన్లో పాత ఫోటోలు చూపించమన్నాను. నాలుగేళ్ల కిందటి ఫోటోలో పాపిట సన్నని గీతలా ఉంది. రెండేళ్ల కిందటి ఫోటోలో, జ్వరానికి చాలా ముందే, పాపిట ముందువైపు వెడల్పైంది. ఏడు సీసాల్లో మూడు అప్పట్లో కొన్నవేనని ఆమే చెప్పారు. ఇంకా అడిగితే మరో రెండు విషయాలు తెలిశాయి. రెండేళ్లుగా నెలసరిలో రక్తస్రావం ఎక్కువగా ఉంది. ఎవరో చెప్పారని రోజూ ఎక్కువ మోతాదులో బయోటిన్ మాత్ర వేసుకుంటున్నారు. తలలో దురద గురించి నేను అడిగేదాకా ఆమె ఎత్తనే లేదు. "అది ఎప్పుడూ ఉండేదే కదా" అన్నారు.

పరీక్షలో కనిపించింది

మాడు మీద, ముఖ్యంగా నడినెత్తిన, చెవుల పైభాగంలో, జిడ్డుగా ఉన్న పసుపురంగు పొట్టు. దాని కింద చర్మం కొద్దిగా ఎర్రబడి ఉంది. గోకిన గుర్తులున్నాయి. ఇది సెబోరిక్ డెర్మటైటిస్, అంటే చుండ్రు ముదిరిన రూపం.

సుమారు 60 వెంట్రుకలను వేళ్ల మధ్య పట్టి నెమ్మదిగా లాగి చూశాను. నడినెత్తి దగ్గర తొమ్మిది వచ్చాయి, వెనకవైపు ఎనిమిది వచ్చాయి. తలంతా ఒకేలా రాలుతోందంటే టెలోజెన్ ఎఫ్లూవియం అనడానికి అది బలం. చర్మాన్ని, వెంట్రుకలను పెద్దవిగా చూపించే డెర్మోస్కోప్‌తో చూస్తే ఇంకో సంగతి బయటపడింది. వెనకవైపు వెంట్రుకలన్నీ దాదాపు ఒకే లావులో ఉన్నాయి. పాపిట పక్కన మాత్రం లావువి, సన్నవి, నూగులాంటివి కలగలిసి ఉన్నాయి. ఇలా మందంలో తేడా ఉన్న వెంట్రుకలు 20 శాతం దాటితే వంశపారంపర్యంగా వచ్చే పలచబాటు, అంటే ఆండ్రోజెనెటిక్ అలోపీసియా అని అనుమానించాలి. ఆడవాళ్లలో దీని దశలను 1977లో లుడ్విగ్ వర్గీకరించారు. ఈమెది మొదటి దశ. నుదుటి అంచు అలాగే ఉంది, దాని వెనక పాపిట దగ్గర మాత్రం పలచబడింది.

కుదుళ్ల రంధ్రాలు అన్నిచోట్లా కనిపించాయి. ఇది చాలా ముఖ్యం. రంధ్రాలు పూడిపోయి చర్మం నున్నగా మెరుస్తుంటే అది మచ్చకట్టే రకం, అక్కడ పోయిన జుట్టు తిరిగి రాదు. అలాంటప్పుడు, లేదా గుండ్రటి మచ్చలుగా జుట్టు పోయినప్పుడు, మాడు నొప్పిగా ఉన్నప్పుడు, చీము కనిపించినప్పుడు, కనుబొమలు కూడా రాలుతున్నప్పుడు షాంపూలు మారుస్తూ ఒక్క వారం కూడా వృథా చేయకూడదు. వెంటనే చూపించుకోవాలి.

కవరులోని జుట్టునూ చూశాను. ఎక్కువ వాటికి ఒక చివర ఉండ ఉంది, అంటే రాలినవి. పాతిక దాకా మాత్రం పొట్టిగా, రెండు చివర్లా ఉండ లేకుండా ఉన్నాయి, అవి విరిగినవి. రాలడం వేరు, విరగడం వేరు. సీసాల సంగతికి వచ్చినప్పుడు ఈ తేడా మళ్లీ కావాలి.

240 అనే అంకె గురించి కూడా చెప్పాలి. పది రోజులు తల తడపకపోతే, ఆ పది రోజుల్లో వదులైన వెంట్రుకలు చాలా వరకు మిగతా జుట్టులో చిక్కుకుని ఉండిపోతాయి. తడిపి రుద్దగానే అన్నీ ఒకేసారి వస్తాయి. అవి ఆ రోజు షాంపూ వల్ల ఊడినవి కావు. స్నానం వాయిదా వేసేకొద్దీ ఆ ఒక్క రోజు అంకె పెరుగుతుంది, అది చూసి భయం పెరుగుతుంది, భయంతో తర్వాతి స్నానం ఇంకా వాయిదా పడుతుంది. ఈలోగా మాడు మీద జిడ్డు పేరుకుంటుంది. చుండ్రుకు కారణమైన మలసీజియా అనే ఫంగస్ ఆ జిడ్డులోని కొవ్వు మీదే బతుకుతుంది.

రక్తపరీక్షలు రాసేముందు బయోటిన్ మూడు రోజులు ఆపమన్నాను. ఎక్కువ మోతాదు బయోటిన్ కొన్ని రకాల థైరాయిడ్ పరీక్షల్ని, గుండెపోటును గుర్తించే ట్రోపోనిన్ పరీక్షను కూడా తారుమారు చేయగలదు. దీనిపై అమెరికాలో మందులను పర్యవేక్షించే ఎఫ్‌డీఏ 2017లో హెచ్చరిక ఇచ్చింది. జుట్టు కోసం బయోటిన్ వేసుకునేవాళ్లు పరీక్షకు వెళ్లినప్పుడు ఆ సంగతి తప్పకుండా చెప్పాలి. నిజానికి బయోటిన్ లోపం చాలా అరుదు. లోపం లేనివాళ్లకు దానివల్ల జుట్టు పెరుగుతుందనడానికి గట్టి ఆధారం లేదు.

థైరాయిడ్ మామూలుగానే వచ్చింది. హీమోగ్లోబిన్ 11.2. శరీరంలో ఇనుము నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ 11. పదిహేను లోపు ఉంటే నిల్వలు అయిపోయినట్టే.

కాబట్టి ఆమె తల మీద మూడు సమస్యలు ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి. నెమ్మదిగా సాగుతున్న వంశపారంపర్య పలచబాటు, దాని మీద జ్వరం వల్ల వచ్చిన రాలుడు, ఇనుము లోపం వల్ల అది తగ్గకుండా ఉండటం. వీటన్నిటితో పాటు, ఎవరూ పట్టించుకోని చుండ్రు. మొదటి మూడింటి మీదా షాంపూ పెద్దగా పనిచేయదు. నాలుగో దాని మీద బాగా పనిచేస్తుంది. ఆమె కొన్న ఏడింటిలో ఆరు మొదటి మూడింటి కోసం కొన్నవే.

సీసాలు ఒక్కొక్కటీ

సీసాలన్నీ తిప్పి వెనకవైపు చిన్న అక్షరాలు కలిసి చదివాం. దీనికి పావుగంట పట్టింది. బయట ఇంకా పేషెంట్లు ఉన్నారు, అయినా ఇది వృథా సమయం అనిపించలేదు.

ఒక సీసా మీద జుట్టు రాలడం తగ్గిస్తుందని పెద్దగా రాసి, పక్కన చిన్న నక్షత్రం గుర్తు ఉంది. వెనక ఆ గుర్తుకు ఎదురుగా "విరగడం వల్ల రాలే జుట్టు, కండిషనింగ్ లేని షాంపూతో పోలిస్తే" అని ఉంది. ఇది అబద్ధం కాదు. వెంట్రుక మీద పల్చటి పూత వేసి, దువ్వినప్పుడు రాపిడి తగ్గిస్తే విరగడం నిజంగానే తగ్గుతుంది. కానీ కవరులో విరిగినవి పాతికే. మిగతా రెండు వందల పైచిలుకు వెంట్రుకలకు ఆ వాక్యంతో సంబంధం లేదు. ఈ సరుకు కొనేవాళ్లందరికీ నేను చెప్పేది ఒకటే. ముందు మీ వెంట్రుక చివర చూడండి. ఉండ ఉంటే సమస్య మాడు లోపల ఉంది. ఉండ లేకుండా పొట్టిగా ఉంటే వెంట్రుక పొడవునా ఉంది, అప్పుడు ఆ షాంపూ ఉపయోగపడుతుంది.

ఇంకోటి కెఫీన్ షాంపూ. ల్యాబ్‌లో, గాజు పాత్రలో పెట్టిన కుదుళ్ల మీద కెఫీన్ కొంత ప్రభావం చూపించిన మాట నిజం. రెండు నిమిషాలు రాసి కడిగేసే షాంపూతో తల మీద అదే ఫలితం వస్తుందని చూపించడం వేరే విషయం. 2018లో బ్రిటన్‌లో ప్రకటనలను పర్యవేక్షించే సంస్థ ఒక కెఫీన్ షాంపూ కేసులో, జుట్టు రాలడం తగ్గిస్తుందనడానికి చూపించిన ఆధారాలు చాలవని తేల్చి, ఆ మాట వాడొద్దని చెప్పింది. వాడితే హాని లేదు. పెట్టిన ఆశే హాని. ఆ ఆశతో ఆమె అయిదు నెలలు వేచి చూశారు.

బయోటిన్, మూలికల పేర్లు రాసి ఉన్న సీసా, పిల్లల షాంపూ గురించి ఎక్కువ చెప్పడానికేమీ లేదు. మొదటిది తల శుభ్రం చేస్తుంది, అంతే. పిల్లల షాంపూ మృదువైనదే అయినా ఆమె మాడుకున్న జిడ్డుకు చాలదు.

అయిదో సీసా మాత్రం నిజంగా ఆమెకు ఎదురు తిరిగింది. పొడిబారి దెబ్బతిన్న జుట్టు కోసం తయారుచేసిన చిక్కటి షాంపూ అది. సిలికాన్లు, మెత్తబరిచే కొవ్వు పదార్థాలు ఎక్కువ. ఒత్తైన, గరుకైన జుట్టుకు అది బాగుంటుంది. ఆమెవి సన్నని వెంట్రుకలు. ఆ బరువుకు అవి మాడుకు అతుక్కుపోయి, పాపిట ఉన్నదానికన్నా వెడల్పుగా కనిపించింది. "ఇది వాడిన వారమే నాకు బట్టతల వస్తోందనిపించింది" అన్నారు. జుట్టు తగ్గలేదు, జుట్టు కింద మాడు ఎక్కువ కనిపించింది. పలచటి జుట్టున్నవాళ్లు సీసా మీద చూడాల్సిన అసలు తేడా ఇదే అంటాను. సన్నని జుట్టుకు, ఒత్తుగా కనిపించడానికి అని ఉన్నవాటిలో బరువైన పదార్థాలు తక్కువుంటాయి. ప్రోటీన్ ముక్కలు, పాలిమర్లు వెంట్రుక మీద అతి సన్నని పూతలా నిలిచి వెంట్రుకకూ వెంట్రుకకూ మధ్య కాస్త ఎడం తెస్తాయి. తర్వాతి తలస్నానం దాకా జుట్టు నిండుగా కనిపిస్తుంది. కొత్త వెంట్రుక ఒక్కటీ మొలవదు, కానీ అద్దంలో తేడా తెలుస్తుంది. ఈ లాభాన్ని నేను చిన్నచూపు చూడను. చికిత్స ఫలితం రావడానికి ఆరు నెలలు పడుతుంది, ఆ ఆరు నెలలూ ఆ మనిషి రోజూ అద్దం చూసుకోవాలి. ఆరో సీసా సరిగ్గా ఈ రకందే. అది ఉంచుకోమన్నాను.

సల్ఫేట్ల గురించి ఆమె చాలా చదివి వచ్చారు. సల్ఫేట్ ఉన్న షాంపూ కుదుళ్లను చంపుతుందని నమ్మారు. అలాంటిదేమీ లేదు. సోడియం లారిల్ సల్ఫేట్ గట్టిగా శుభ్రం చేసే పదార్థం, సున్నితమైన చర్మాన్ని పొడిబార్చి మంట పెట్టొచ్చు, రంగు వేసిన జుట్టును గరుకు చేయొచ్చు. పేరులో పోలిక ఉన్నా సోడియం లారెత్ సల్ఫేట్ దానికన్నా మృదువు. జిడ్డు మాడుకు సల్ఫేట్ ఉన్న షాంపూ మంచిదే కావొచ్చు. సల్ఫేట్ లేదు అన్న ఒక్క మాట చూసి కొనడం కన్నా, కడిగిన మర్నాడు మాడు ఎలా ఉందో చూసుకోవడం మేలు. పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే కొలత) సంగతీ అంతే. మాడు చర్మం పీహెచ్ 5.5 దగ్గర ఉంటుంది. 2014లో వచ్చిన ఒక అధ్యయనంలో 123 షాంపూలను పరీక్షిస్తే 5.5 గానీ అంతకన్నా తక్కువ గానీ ఉన్నవి సగం కూడా లేవు. పీహెచ్ ఎక్కువైతే వెంట్రుక పైపొర లేచి చిక్కులు పడుతుంది, విరుగుతుంది. అదీ విరగడానికి సంబంధించినదే, రాలడానికి కాదు.

ఇక ఏడోది. జింక్ పైరిథియోన్ ఉన్న మామూలు చుండ్రు షాంపూ. ఏడింటిలో ఆమె మాడుకు అవసరమైన దానికి దగ్గరగా ఉన్నది ఇదొక్కటే. దాన్ని ఆమె రెండుసార్లు వాడి పక్కన పెట్టేశారు. "పనిచేయలేదు" అన్నారు. ఎలా వాడారని అడిగాను. పది రోజులకోసారి, జుట్టు చివర్లకు పట్టించి, నురగ రాగానే కడిగేశారు. మందు పనిచేయాల్సింది మాడు మీద, అక్కడ దానికి మూడు నుంచి అయిదు నిమిషాలైనా కావాలి. సరైన షాంపూ ఎంచుకోవడం ఎంత ముఖ్యమో, దాన్ని ఎక్కడ రాసి ఎంతసేపు ఉంచారన్నదీ అంతే ముఖ్యం. ఈ మాట సీసా మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది, ఎవరూ చదవరు.

నేను రాసిచ్చింది

పొట్టు ఎక్కువగా, ఎర్రదనంతో ఉంది కాబట్టి కీటోకోనజోల్ 2 శాతం షాంపూ వారానికి రెండుసార్లు, నాలుగు వారాలు. మాడు మీద పాయలు విడదీసి పట్టించి అయిదు నిమిషాలు ఆగి కడగాలి. గోళ్లతో కాదు, వేళ్ల మెత్తటి భాగంతో రుద్దాలి. తర్వాత వారానికోసారి. కీటోకోనజోల్ ఫంగస్‌నే కాకుండా మాడులోని వాపును కూడా తగ్గిస్తుంది. వంశపారంపర్య పలచబాటులో ఇది వెంట్రుక మందాన్ని కొంత పెంచిందని 1998లో ఒక చిన్న అధ్యయనం వచ్చింది. అందులో పాల్గొన్నవాళ్లు మగవాళ్లు, సంఖ్య కూడా తక్కువ. అందుకే దాన్ని నేను ఈమెకు వాగ్దానంగా చెప్పలేదు. చుండ్రు కోసం రాశాను, ఇంకేమైనా మేలు జరిగితే మంచిదే.

వారంలో ఇంకో రోజు ఆరో సీసా. మొత్తం వారానికి మూడు తలస్నానాలు. కండిషనర్ చెవుల కిందికి ఉన్న పొడవుకే, మాడుకు తగలకుండా. తడి జుట్టు సాగి తొందరగా విరుగుతుంది కాబట్టి తువ్వాలుతో గట్టిగా రుద్దొద్దని, పెద్ద పళ్ల దువ్వెన వాడమని చెప్పాను. మూడుసార్లా అని కంగారుపడ్డారు. ఊడేవి ఎలాగూ ఊడేవే అని మళ్లీ లెక్క గీసి చూపించాల్సి వచ్చింది.

ఇనుము మాత్రలు రోజు విడిచి రోజు, రక్తస్రావం గురించి గైనకాలజిస్ట్ దగ్గరికి పంపాను. ఇనుము పోతున్న దారి మూయకుండా మాత్రలు ఇస్తూ పోతే ప్రయోజనం ఉండదు. పాపిట కోసం మినాక్సిడిల్ 5 శాతం ఫోమ్ రోజుకోసారి. గర్భం ధరించే ఆలోచన ఉందా అని ముందే అడిగాను, ఎందుకంటే గర్భిణులు, పాలిచ్చే తల్లులు దీన్ని వాడకూడదు. వంశపారంపర్య పలచబాటుకు తల మీద రాసే మందుల్లో బాగా నిరూపణ అయినది ఇదే. ఆడవాళ్ల కోసం అమెరికాలో దీని 2 శాతం ద్రావణానికి 1991లో, 5 శాతం ఫోమ్‌కు 2014లో అనుమతి వచ్చింది.

పాపిట ఫోటో తీసి పెట్టుకున్నాను. తలస్నానానికి ముందు జుట్టును వెనక నుంచి ముందుకు 60 సెకన్లు దువ్వి, రాలినవి లెక్కపెట్టమని చెప్పాను. స్నానం రోజున జాలీలో చూసి లెక్కపెట్టడం కన్నా ఇది నమ్మదగ్గది. అయితే నెలకోసారే చేయమన్నాను. రోజూ లెక్కపెడితే మనిషి నలిగిపోతాడు. మొదటి లెక్క 38.

నా పొరపాటు

మూడో వారం వచ్చినప్పుడు మాడు దాదాపు శుభ్రంగా ఉంది. దురద పోయిందని, రాత్రి నిద్ర కూడా బాగా పడుతోందని చెప్పారు. రాలడం మాత్రం అలాగే ఉంది. ఇంకా సమయం పడుతుందని చెప్పి పంపాను.

ఆరో వారం ఫోన్ చేశారు. గొంతులో ఏడుపు ఆపుకుంటున్నారు. రాలడం ఇంకా ఎక్కువైందట. మందు షాంపూ పడలేదని దాన్నీ, ఫోమ్‌నీ రెండూ ఆపేసి ఎనిమిదో సీసా కొన్నారు.

మినాక్సిడిల్ మొదలుపెట్టాక రెండో వారం నుంచి ఎనిమిదో వారం మధ్యలో చాలామందికి కొన్నాళ్లు రాలడం పెరుగుతుంది. విశ్రాంతి దశలో ఉన్న పాత వెంట్రుకలను తోసేసి కొత్తవి పెరుగుదల మొదలుపెట్టడం వల్ల ఇలా జరుగుతుంది. ఇది నాకు బాగా తెలుసు. మొదటి రోజు ఆమెకు చెప్పాను కూడా. కానీ ఏడు సీసాల చర్చ, రక్తపరీక్షలు, మాత్రలు అన్నీ అయ్యాక, చివరి నిమిషంలో, లేచి వెళ్తుండగా చెప్పాను. కాగితం మీద రాయలేదు. అప్పటికే జుట్టు రాలి భయపడి వచ్చిన మనిషికి ఆ మాట వినిపించి ఉండదు. దానికి తోడు షాంపూ, ఫోమ్ ఒకే రోజు మొదలుపెట్టించాను. అందువల్ల దేనివల్ల ఏం జరిగిందో ఆమెకు తెలిసే దారి లేకుండా పోయింది. తెలిసిన అనుమానితుడు షాంపూయే కాబట్టి తప్పు దాని మీదికి వెళ్లింది.

మర్నాడే పిలిపించి డెర్మోస్కోప్‌లో చూపించాను. పాపిట పక్కన కొనదేలిన పొట్టి వెంట్రుకలు కనిపిస్తున్నాయి. కొన సన్నగా ఉంటే అవి విరిగినవి కావు, కొత్తగా మొలుస్తున్నవి. తప్పు నాదని చెప్పి క్షమించమన్నాను. ఈసారి షాంపూ ముందు, రెండు వారాల తర్వాత ఫోమ్ అని తేదీలతో రాసిచ్చాను. "మళ్లీ రాలడం పెరిగితే ఆపొద్దు, నాకు ఫోన్ చేయండి" అని పెద్ద అక్షరాల్లో రాశాను. అప్పటి నుంచి ఏ పేషెంటుకైనా మాడు చికిత్స మొదలైన నాలుగు వారాలకు గానీ మినాక్సిడిల్ మొదలుపెట్టించడం లేదు. నాలుగు వారాల ఆలస్యంతో జుట్టుకు పెద్ద నష్టం లేదు, మధ్యలో మానేస్తే ఉంది.

ఆ తర్వాత

నాలుగో నెలలో 60 సెకన్ల లెక్క 14కి దిగింది. జ్వరం వల్ల వచ్చిన రాలుడు అప్పటికి తనంతట తానే తగ్గే సమయం కూడా వచ్చింది కాబట్టి ఆ ఘనత ఏ మందుకూ పూర్తిగా ఇవ్వలేను. ఇలాంటి సమయంలో ఎవరైనా కొత్త షాంపూ మొదలుపెడితే అదే తమ జుట్టును కాపాడిందని జీవితాంతం నమ్ముతారు, ఇంకో పదిమందికి చెబుతారు. టెలోజెన్ ఎఫ్లూవియం మామూలుగా ఆరు నెలల్లో సర్దుకుంటుంది. ఆ నెలలో ఏ సీసా చేతిలో ఉంటే పేరు దానికొస్తుంది. షాంపూల గురించి మనం వినే అనుభవాల్లో చాలా వరకు నిజాయితీగా చెప్పేవే. ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. సమయం అలా కలిసొస్తుంది, అంతే.

ఆరో నెలకు ఫెరిటిన్ 36, హీమోగ్లోబిన్ 12.6. రక్తస్రావానికి గైనకాలజిస్ట్ ఇచ్చిన చికిత్స పనిచేస్తోంది. నుదుటి అంచున పిల్లవెంట్రుకలు వేళ్ల మందం పొడవున లేచి నిలబడ్డాయి. జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరే పెరుగుతుంది, అవి మిగతా జుట్టులో కలవడానికి ఏడాది పైనే పడుతుంది. అవి నిక్కబొడుచుకుని ఉన్నాయని ఆమె విసుక్కుంటే నాకు సంతోషమేసింది.

తొమ్మిదో నెలలో ఆమె ప్రయాణాల్లో ఉండి అయిదు వారాలు కీటోకోనజోల్ వాడలేదు. పొట్టు, దురద తిరిగొచ్చాయి. సెబోరిక్ డెర్మటైటిస్ పూర్తిగా పోయే జబ్బు కాదు, అదుపులో ఉంచుకోవాల్సినది. మళ్లీ నాలుగు వారాలు వారానికి రెండుసార్లు వాడితే తగ్గింది.

పదో నెల ఫోటో మొదటి రోజు ఫోటో పక్కన పెట్టి చూశాం. పాపిట సన్నబడింది, కానీ నాలుగేళ్ల కిందటి గీతంత కాలేదు. అలా అవుతుందని నేను మొదట్లో కూడా మాటివ్వలేదు. డెర్మోస్కోప్‌లో నూగు వెంట్రుకలు తగ్గాయి, మందమైనవి పెరిగాయి. బాత్రూమ్‌లో ఇప్పుడు రెండే సీసాలున్నాయని చెప్పారు. కీటోకోనజోల్ ఒకటి, రెండోది వాసన నచ్చి కొనుక్కున్న మామూలు షాంపూ. సీసా ఫోటో చూపించి ఇది మంచిదేనా అని అడిగారు. కడిగిన మర్నాడు దురద గానీ పొట్టు గానీ జిడ్డు గానీ ఉంటోందా అని అడిగాను. లేదన్నారు. అయితే మంచిదే అన్నాను.

ఇప్పటి ఏర్పాటు ఇది. కీటోకోనజోల్ పది రోజులకోసారి, మిగతా రోజుల్లో ఆ మామూలు షాంపూ, ఫోమ్ రోజూ. ఫోమ్ ఆపేస్తే కొన్ని నెలల్లో పాత స్థితికి వస్తుందని ఈసారి కాగితం మీదే రాసిచ్చాను. ఇనుము మాత్రలు ఆపి మూడు నెలలకు ఫెరిటిన్ మళ్లీ చూడాలి. తర్వాతి ఫోటో నాలుగు నెలలకు.